చలికాలపు టోక్యోలో గుడా, బౌద్ధాలయమా, తోటా: ఏది మేలు?

డిసెంబరు దగ్గరపడుతోందంటే చాలు, హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఫోన్లు మొదలవుతాయి. పిల్లలకు సెలవులు, టికెట్లు తీసేసుకున్నాం, టోక్యోలో ఒక పూట తీరిక దొరుకుతుంది, మమ్మల్ని ఏదైనా పేటలో ఉండే షింటో (జపాన్ సొంత మతం) గుడికి వెళ్లమంటారా, బౌద్ధాలయానికా, తోటకా అని. చెర్రీలు పూయలేదు, ఎర్ర ఆకులు రాలిపోయాయి, ఇక తోటలో చూడటానికి ఏం మిగులుతుందన్న అనుమానం ఆ గొంతులో వినిపిస్తూనే ఉంటుంది.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఎండ. డిసెంబరులో టోక్యోలో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. నెలాఖరు రోజుల్లో నడి మధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 31 డిగ్రీల ఎత్తు దాటడు. అదే రోజు హైదరాబాద్‌లో 49 దాకా ఎక్కుతాడు. ఆకాశం మాత్రం కడిగినట్టు ఉంటుంది. జపాన్ సముద్రం మీదుగా వచ్చే తేమగాలి పడమటి తీరంలోని కొండల మీద మంచంతా కురిపించేసి, పొడిబారి ఇటు దిగుతుంది మరి. కాబట్టి దొరికే ఎండ తక్కువే అయినా కల్తీ లేనిది. దాన్ని ఎక్కడ ఖర్చు పెడతామన్నదే లెక్క.

మూడింటినీ ఒకే పేటలో పోల్చి చూస్తే న్యాయంగా ఉంటుంది. అందుకు ఫుకగావా చాలు. మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషికసాయ్ నుంచి తోజాయ్ మెట్రో లైన్‌లో నాలుగో స్టేషన్ మొంజెన్ నకాచో. దిగితే తోమియోకా హచిమాన్ గుడి, ఫుకగావా ఫుదో బౌద్ధాలయం పక్కపక్కనే కనిపిస్తాయి. ఉత్తరంగా కాస్త నడిస్తే కియోసుమి తోట.

ముందు గుడి సంగతి. తోమియోకా హచిమాన్ 1627 నాటిది. 1684లో ఎదో (టోక్యో పాత పేరు) నగరపు సుమో పోటీలకు అధికారికంగా అనుమతి దొరికింది ఈ ఆవరణలోనే. సుమోలో అందరికంటే పై హోదా అయిన యొకొజునా మల్లుల పేర్లు చెక్కిన పెద్ద రాయి ఇప్పటికీ ఉంది. జపాన్ తీరమంతా కాలినడకన కొలిచి పటం గీసిన ఇనో తదతకా ప్రయాణానికి ముందు ఇక్కడ మొక్కుకుని బయల్దేరేవాడు. అందుకే ఆయన విగ్రహం అడుగు ముందుకు వేస్తున్నట్టు ఉంటుంది. చరిత్రకు లోటు లేదు. కానీ మొక్కి, జోస్యం చీటీ తీసి, చుట్టూ తిరిగి రావడానికి అరగంట చాలు. పైగా పేటల్లోని షింటో గుళ్లలో చాలావాటికి మూసే తలుపుల్లేవు. చీకటి పడ్డాకా వెళ్లవచ్చు, అప్పుడే బాగుంటాయని నా అభిప్రాయం కూడా. పొద్దున్నే స్నానం చేసి ముందు గుడికి వెళ్లాలన్న మన అలవాటు ఇక్కడ పనికిరాదు. రోజులో అత్యంత విలువైన ఎండను, అది అక్కర్లేని చోట పోసి వస్తాం.

గుడి పక్షాన ఒక్క మాట. జనవరిలో వచ్చేవాళ్లు మంటల కోసం వెళ్లండి. పాత ఏడాది తాయెత్తులు, కొత్త సంవత్సరపు అలంకారాలు తెచ్చి మంటలో వేస్తారు. మన భోగికి అటూ ఇటూగా, చాలాచోట్ల జనవరి 15 ప్రాంతంలో. టోక్యోలో తోరిగోయె గుడిలో 8వ తేదీనే చేసేస్తారు. పిల్లలు వెదురు కర్రలతో నేలను కొడుతూ మంట చుట్టూ తిరుగుతారు.

ఫుదో ఆలయం దగ్గర మన తెలుగువాళ్లు ఆగిపోతారు, ఆగాలి కూడా. 2011లో కట్టిన కొత్త మందిరం బయటి గోడల నిండా బంగారు రంగులో సంస్కృత బీజాక్షరాలు, ‘సిద్ధం’ అనే మన పాత లిపిలో. లోపల రోజుకు చాలాసార్లు హోమం జరుగుతుంది. శంఖం ఊదుతారు, గుండెలో మోగేంత పెద్ద డోళ్లు వాయిస్తారు, సమిధలు పేర్చి మంట లేపుతారు. హోమగుండం ముందున్న దైవం అచలుడు (జపాన్‌లో ఫుదో), చేతిలో కత్తి, తాడు. కూకాయ్ అనే సన్యాసి 806లో చైనా నుంచి తెచ్చిన షింగోన్ అనే తాంత్రిక బౌద్ధ సంప్రదాయం ఇది, మూలం మన దేశమే. ప్రవేశానికి డబ్బు తీసుకోరు. చలికి వణుకుతున్నవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. అయితే ఇదీ నాలుగు గోడల మధ్య జరిగేదే, బయట ఎండ ఉన్నా లేకున్నా ఒకటే. ఫొటోలు తీయనివ్వరు. పాదరక్షలు విప్పాలి కాబట్టి చిరుగుల్లేని మందపాటి మేజోళ్లు వేసుకుని వెళ్లండి. ఇక్కడనే కాదు, జపాన్‌లో ఏ పాత బౌద్ధాలయానికి వెళ్లినా జనవరిలో చెక్కనేల అరికాలి నుంచి మోకాలి దాకా చలిని పంపుతుంది. గొప్ప వసారాలో కూర్చుని తోటను చూద్దామనుకున్నవాళ్లు ఐదు నిమిషాల్లో లేచిపోవడం నేను చూస్తూనే ఉంటాను.

ఇక కియోసుమి. టికెట్టు 150 యెన్లు, ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా, నాలుగున్నర తర్వాత లోపలికి రానివ్వరు. మిత్సుబిషి వ్యవస్థాపకుడు ఇవసాకి యతారో 1878లో కొన్న స్థలం ఇది. దేశం నలుమూలల నుంచి సంస్థ ఓడల్లో రాళ్లు తెప్పించి చెరువు చుట్టూ పేర్చారు. 1923 భూకంపమప్పుడు చుట్టుపక్కల పేటలు తగలబడుతుంటే ఎందరో ఈ తోటలోకి పరుగెత్తి ప్రాణాలు దక్కించుకున్నారు. నీటి మీద నిలబడ్డ చెక్క భవనం 1909లో కిచెనర్ రాక కోసం కట్టినది. ఆయన అదే ఏడాది దాకా మన దేశంలో బ్రిటిష్ సేనాధిపతి.

చలికాలంలో ఈ తోట ఎందుకు గెలుస్తుందంటే, దీని అందం రాలిపోయే ఆకుల మీద నిలబడలేదు. నల్ల పైన్ చెట్లు, రాళ్లు, నీళ్లు. వేసవిలో పచ్చదనం మింగేసే రాళ్ల రంగులు ఇప్పుడు బయటపడతాయి. సాదో దీవి నుంచి వచ్చిన ఎర్రరాయి, ఇయో నుంచి వచ్చిన నీలిపచ్చ రాయి పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు, పేరు పలకలు ఉంటాయి. శరదృతువు చివర తోటమాలి మూడుకాళ్ల నిచ్చెనెక్కి పైన్ కొమ్మల మీది ముదురు సూదులను చేత్తో ఒక్కొక్కటే పీకేస్తాడు. కత్తెర పెట్టడు. ఆ పని అయ్యాక కొమ్మల మధ్య నుంచి ఎండ నేరుగా జారి నేల మీద పడుతుంది. సూర్యుడు కిందుగా ఉండటం కూడా కలిసొస్తుంది, పొద్దున పదింటికే ప్రతి రాయికీ పొడవాటి నీడ. చెరువు అంచున నీళ్లలో అంగకొకటిగా వేసిన రాళ్ల మీద నడుస్తుంటే ఉత్తరాది నుంచి వలస వచ్చిన బాతులు కాళ్ల దగ్గరికి వస్తాయి. తల వెనక పిలక, పసుపు కన్ను ఉన్న నల్లబాతును పిల్లలు ఇట్టే గుర్తుపడతారు. ఎండలో నడుస్తూ ఉంటాం కాబట్టి గంటన్నర గడిచినా చలి తెలియదు.

క్యోటో? జనవరి నుంచి మార్చి దాకా మామూలుగా తెరవని ఆలయాలు కొన్ని తెరుస్తారు, అది నిజమైన ఆకర్షణ. కానీ ఒక పూట తీరికతో అంత దూరం వద్దు. కనజావాలో మంచు బరువుకు విరగకుండా కొమ్మలకు తాళ్లు కట్టిన కెన్‌రోకుఎన్ తోట మంచు పడితేనే అందం, పడకపోతే తాళ్లే చూడాలి. టోక్యోలోని మెయిజీ గుడికి కొత్త సంవత్సరం మొదటి మూడు రోజుల్లో వెళ్లకండి. లక్షల జనం, అంతే.

కాబట్టి ఒక్కటే ఎంచుకోమంటే తోట. రోజంతా ఉంటే తొమ్మిదింటికి తోట తలుపు దగ్గర ఉండి, ఆ తర్వాత నడుచుకుంటూ హోమానికి, దీపాలు పెట్టాక గుడికి. చిక్కు ఒక్కటే: డిసెంబరు 29 నుంచి జనవరి 1 దాకా ఈ తోట మూత, మనవాళ్లలో సగం మంది దిగేది సరిగ్గా అప్పుడే. ఆ నాలుగు రోజులే మీవైతే బౌద్ధాలయానికే నా ఓటు. 31 అర్ధరాత్రి 108 సార్లు గంట మోగిస్తారు, పేటల్లోని చిన్న ఆలయాలు కొన్నింటిలో వరుసలో నిలబడ్డవాళ్లకూ ఒక దెబ్బ కొట్టనిస్తారు. కాస్త ముందే వెళ్లండి, చేతితొడుగులు పెట్టుకోండి.