క్రియాటిన్ కిట్‌తో నాలుగేళ్లు

ముందు పేరు సంగతి. ఇది క్రియాటినిన్ కిట్ కాదు, క్రియాటిన్ కిట్. కిడ్నీ రిపోర్టు పట్టుకుని "క్రియాటిన్ పెరిగిందట" అని మన వాళ్లు అంటుంటారు. వాళ్లు చెప్పేది క్రియాటినిన్ గురించి. కండరాల్లో శక్తి నిలవకు పనికొచ్చేది క్రియాటిన్, అది మారి చివరికి మూత్రంలో పోయేది క్రియాటినిన్. ఈ కిట్ మొదటిదాన్నే కొలుస్తుంది. పేరు చూసి పొరబడి తెప్పించుకున్న ల్యాబ్ నాకు తెలుసు, అందుకే చెబుతున్నాను.

హైదరాబాద్‌లో ఒక పరిశోధన ల్యాబ్‌లో ఎలుకల సీరం, కండరం, కాలేయం మీద నాలుగేళ్లుగా దీన్ని వాడుతున్నాను. క్రియాటినేజ్ అనే ఎంజైమ్ క్రియాటిన్‌ను సార్కోసిన్‌గా, యూరియాగా విడగొడుతుంది. సార్కోసిన్ ఆక్సిడేజ్ ఆ సార్కోసిన్ నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది. పెరాక్సిడేజ్ అనే ఇంకో ఎంజైమ్ సాయంతో అది ప్రోబ్‌తో (రంగు తేలే రసాయనంతో) కలిసి గులాబీ రంగు ఇస్తుంది. 37 డిగ్రీల్లో గంట ఉంచి 570 నానోమీటర్ల దగ్గర చదవడమే. పని సులువు, స్టాండర్డ్లతో, అంటే క్రియాటిన్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాలతో, గీసే గీత దాదాపు ప్రతిసారీ తిన్నగా వస్తుంది. అది చూసే మొదటి ఏడాది నేను మోసపోయాను.

శాంపిల్‌లో ముందే ఉన్న సార్కోసిన్ కూడా ఇదే రంగు ఇస్తుంది. అందుకే ప్రతి శాంపిల్‌కూ క్రియాటినేజ్ వేయని బ్లాంక్ ఒకటి పెట్టి, ఆ రీడింగ్ తీసేయాలి. ప్లేటులో వెల్స్ (శాంపిల్ వేసే చిన్న గుంటలు) మిగుల్తాయని నేను బ్లాంకులు మానేశాను. కాలేయం శాంపిళ్లలో విలువలు బాగా ఎక్కువగా వచ్చాయి. మా గైడ్ గారు నమ్మలేదు. బ్లాంకులతో మళ్లీ చేస్తే కొన్నింటిలో దాదాపు సగం రంగు క్రియాటిన్‌ది కానే కాదు. మూడు నెలల డేటా పక్కన పెట్టాల్సి వచ్చింది, చాలా బాధపడ్డాను.

కాబట్టి కొనేముందు లెక్క వేసుకోండి. 96 వెల్స్ ప్లేటులో ఆరు స్టాండర్డ్లు రెండేసి చొప్పున 12 పోతాయి. ఒక్కో శాంపిల్‌కు రెండు వెల్స్, దాని బ్లాంకుకు రెండు. మిగిలిన 84లో 21 శాంపిళ్లే పడతాయి. డబ్బా మీద 100 పరీక్షలు అని ఉన్నా నిజం ఇదే.

సీరం విషయంలో ఇంకో ఇబ్బంది. 40 మైక్రోమోలార్ ఉన్న సీరం 50 మైక్రోలీటర్లు వేస్తే వెల్‌లో ఉండేది 2 నానోమోల్సే. 10 నానోమోల్స్ వరకు సాగే స్టాండర్డ్ గీతలో అది అడుగున పడుతుంది. అందుకే ఇప్పుడు సీరం అంతా ఫ్లోరోసెన్స్‌లోనే (రంగుకు బదులు ప్రోబ్ వెలువరించే కాంతిని కొలిచే పద్ధతిలో) చదువుతున్నాను, తేడా చాలా తెలిసింది. ప్రోటీన్లు తీయడానికి 10 కిలోడాల్టన్ల ఫిల్టర్ (అంతకంటే పెద్ద అణువులను ఆపేది) తప్పదు, దాని ఖర్చు వేరే.

ఎర్ర కణాలు చిట్లి కలిసిన సీరం అసలు వాడకండి. వాటిలో క్రియాటిన్ ప్లాస్మాలో కంటే ఎక్కువ, విలువ అబద్ధంగా పెరుగుతుంది. విటమిన్ సి దీనికి సరిగ్గా ఎదురు, పెరాక్సైడ్‌ను తినేసి రంగు తగ్గిస్తుంది. అనుమానం వస్తే తెలిసిన మొత్తంలో క్రియాటిన్ కలిపి, ఎంత తిరిగి వస్తుందో చూస్తాను. కండరానికైతే ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించడం, మంచు మీద యాసిడ్‌తో క్రియాటిన్‌ను బయటికి తీయడం, వెంటనే ఆ యాసిడ్‌ను న్యూట్రలైజ్ చేయడం. యాసిడ్‌లో ఆలస్యమైతే ఫాస్ఫోక్రియాటిన్ (కండరంలో శక్తిని నిలవ ఉంచే రూపం) విరిగి క్రియాటిన్‌లో కలిసిపోతుంది.

ప్రోబ్ డీఎంఎస్ఓ అనే ద్రావకంలో ఉంటుంది, అది 18 డిగ్రీలకే గడ్డకడుతుంది. ఏసీ గదిలో వయల్ గట్టిగా కనిపిస్తే పాడైందని టెన్షన్ పడకండి, చేత్తో వేడి చేస్తే కరుగుతుంది. వెలుతురు మాత్రం తగలనివ్వకండి.

మళ్లీ కొంటానా? కొంటాను, ఎలుకల పనికి ఇది చాలు. పిల్లల్లో క్రియాటిన్ లోపం నిర్ధారణకు మాత్రం ఎవరడిగినా వద్దనే చెబుతాను. అక్కడ క్రియాటిన్‌తో పాటు గ్వానిడినోఅసెటేట్ (శరీరం క్రియాటిన్‌గా మార్చుకునే పదార్థం) కూడా చూడాలి, దానికి మాస్ స్పెక్ట్రోమీటర్ (అణువులను బరువును బట్టి గుర్తించే యంత్రం) ఉన్న ల్యాబ్‌కే శాంపిల్ పంపాలి.