పాత సుబారు ఫారెస్టర్‌ను రాళ్ళబాట పట్టించడం: ఏళ్ళ వాడకం తర్వాత సమీక్ష

అమెరికాలో 2003 నుంచి 2008 మోడల్ దాకా వచ్చిన రెండో తరం ఫారెస్టర్‌ని వాడేవాళ్ళు ఎస్‌జీ అంటారు. అందులో టర్బో లేని 2.5 ఎక్స్, ఐదు గేర్ల మాన్యువల్‌ను కొలరాడో, యూటాల్లోని కంకర రోడ్ల మీద, అడవి బాటల్లో, మంచులో ఏళ్ళ తరబడి నడిపి, విప్పి, బిగించి రాస్తున్న సమీక్ష ఇది. తీర్పు ముందే చెప్పేస్తాను. అరిగిన భాగాలు మార్చి, మంచి టైర్లు వేసి, కింద అల్యూమినియం పలక బిగించి, ఒక్క అంగుళం ఎత్తితే ఈ కారు చాలా దూరం తీసుకెళ్తుంది. రెండంగుళాలకి వెళ్ళారా, ఒక భాగం మారిస్తే దాని వెనకాలే ఇంకో భాగం మార్చాల్సి వస్తుంది.

ఎత్తు సంగతి తర్వాత, ముందు ఇంజన్. ఈ సింగిల్ క్యామ్ 2.5 ఇంజన్‌కి హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే పలచటి పొర) బయటికి కారడం అందరికీ తెలిసిన జబ్బు. సిలిండర్లు పక్కకి పడుకుని ఉండే బాక్సర్ ఇంజన్ కాబట్టి ఆగి ఉన్నప్పుడు నూనె, కూలెంట్ రెండూ గ్యాస్కెట్ అడుగు అంచు మీదే నిలుస్తాయి. ఫ్యాక్టరీ గ్యాస్కెట్ పైపూత ఏళ్ళు గడిచేకొద్దీ అక్కడే ఊడుతుంది. కారు కిందికి దూరి, హెడ్డూ బ్లాకూ కలిసే గీత పొడవునా టార్చి వేసి చూడండి. మొదట నూనె చెమ్మ, దాని మీద దుమ్ము పట్టిన నల్లటి పొర కనిపిస్తాయి. ఆ తర్వాత కూలెంట్ మొదలవుతుంది. హైవే మీద ఇది నెలల తరబడి పెద్దగా బాధించకపోవచ్చు. గంటకు పది మైళ్ళ వేగంతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు రేడియేటర్‌కి ఎదురుగాలి ఉండదు, కూలెంట్ తగ్గిన ఇంజన్ వేడెక్కడానికి ఎంతోసేపు పట్టదు.

గ్యాస్కెట్ మారుస్తుంటే టర్బో ఇంజన్లకి వచ్చే పొరలు పొరల స్టీలు గ్యాస్కెట్ వేయండి. రెండువైపులా ఒకేసారి మార్చాలి. హెడ్లు మెషిన్ షాపులో చదును చేయించాలి, బ్లాకు ముఖం శుభ్రంగా ఉండాలి. గీతలు పడ్డ ముఖం మీద స్టీలు గ్యాస్కెట్ కూర్చోదు, పాత రకం కన్నా ముందే కారుతుంది. ఎలాగూ ముందుభాగం విప్పారు గనక టైమింగ్ బెల్టు, దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్, పళ్ళ ఐడ్లర్‌తో సహా బెల్టు తిరిగే ఐడ్లర్ చక్రాలన్నీ, వాటర్ పంపు మార్చేయండి. బెల్టుకి కంపెనీ గడువు 1,05,000 మైళ్ళు. కానీ చాలాసార్లు ముందు పోయేది బెల్టు కాదు, ఐడ్లర్ బేరింగే. అది పట్టేస్తే బెల్టు తెగుతుంది, ఈ ఇంజన్‌లో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి వంగుతాయి. థర్మోస్టాట్ మాత్రం సుబారుదే కొనండి, బయటి రకాల్లో చాలావాటికి వాల్వు చిన్నది.

కూలెంట్ నింపేటప్పుడు తొందర పనికిరాదు. రేడియేటర్ పైన ఒక మూల చిన్న ప్లాస్టిక్ మర ఉంటుంది, గాలి వదిలేది అదే. దాన్ని తీసి, సన్నటి ధారగా పోస్తూ, అక్కడ కూలెంట్ కనబడ్డాక మూయాలి. లోపల గాలి మిగిలితే హీటర్ చల్లగాలి కొడుతుంది, ఎత్తు మీద ఇంజన్ వేడి చూపే ముల్లు ఉన్నట్టుండి పైకి లేస్తుంది. గ్యాస్కెట్ పోయిందనుకుని కంగారుపడే కార్లలో కొన్నిటికి ఉన్న రోగం ఇంతే. ప్లాస్టిక్ ట్యాంకులున్న పాత రేడియేటర్ గోధుమరంగుకి తిరిగి ఉంటే దాన్నీ మార్చేయండి, కొండల్లో పగిలితే ఫోన్ సిగ్నల్ కూడా దొరకదు.

ఇక సస్పెన్షన్. స్ట్రట్ అంటే చక్రం మీద స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఉండే భాగం. ఈ తరంలో చాలా కార్లకి వెనక సెల్ఫ్ లెవెలింగ్ స్ట్రట్లు వచ్చాయి. బరువు వేస్తే కాసేపు నడిచాక తమంతట తామే ఎత్తు సరిచేసుకునేవి. కొత్తలో బ్రహ్మాండంగా పనిచేస్తాయి. పోయాక కారు వెనక భాగం కుంగిపోతుంది, అది చూసి ఎత్తు కిట్ కొనేవాళ్ళున్నారు. అసలు కారణం తెలిస్తే ఆ ఖర్చు తప్పుతుంది. స్ట్రటే కొంత బరువు మోస్తుంది కాబట్టి కంపెనీ ఆ కార్లకి మెత్తటి స్ప్రింగులు పెట్టింది. అందువల్ల స్ట్రట్లు ఒక్కటే మామూలు రకానికి మారిస్తే వెనకభాగం ఇంకా కుంగుతుంది. కేవైబీ కంపెనీ మామూలు స్ట్రట్లతో పాటు స్ప్రింగులూ మార్చాలి. నా ఉద్దేశంలో సామాను, నీళ్ళు వేసుకుని తిరిగేవాళ్ళకి ఆస్ట్రేలియాలో తయారయ్యే కింగ్ స్ప్రింగ్స్ ఎత్తు రకం చాలా మంచి ఎంపిక.

ఎత్తడానికి రెండు దారులు: పొడవాటి స్ప్రింగులు, లేదా స్ట్రట్ నెత్తిన స్పేసర్లు. తేడా అర్థం చేసుకుని కొనాలి. స్ప్రింగుతో ఎత్తితే స్ట్రట్ తన ప్రయాణంలోనే కాస్త సాగి నిలబడుతుంది. చక్రం కిందికి జారే దూరం ఆ మేరకు తగ్గుతుంది కానీ యాక్సిల్ పూర్తిగా వంగే కోణం మారదు. స్పేసర్‌తో ఎత్తితే స్ట్రట్ ప్రయాణం మొత్తం అలాగే ఉండి, స్ట్రట్టే కిందికి దిగుతుంది. చక్రం గాలిలో వేలాడినప్పుడు యాక్సిల్ కోణం ఫ్యాక్టరీ హద్దు దాటుతుంది. ఒక అంగుళం దాకా యాక్సిళ్ళు దాన్ని తట్టుకుంటాయి. రెండంగుళాలకి సబ్‌ఫ్రేమ్ (ఇంజన్, సస్పెన్షన్ బిగించి ఉండే కింది చట్రం) దింపే దిమ్మెలు కావాలి, అవి వేస్తే స్టీరింగ్ షాఫ్టు పొడవు చూసుకోవాలి, వెనక చక్రాన్ని ముందువైపు నుంచి పట్టి ఉంచే ట్రైలింగ్ ఆర్మ్‌కి బ్రాకెట్లు కావాలి. ట్రైలింగ్ ఆర్మ్ ముందువైపు ఇరుసు మీద వృత్తంలా తిరుగుతుంది కాబట్టి కారు ఎత్తేకొద్దీ వెనక చక్రం ముందుకి జరుగుతుంది, పెద్ద టైరు వీల్ ఆర్చ్ ముందు అంచుని రాస్తుంది.

పని కష్టమైనది కాదు, శ్రద్ధ కావాలి. ముందు స్ట్రట్ల పై నట్లు బానెట్ కింద దొరుకుతాయి. వెనకవాటి కోసం డిక్కీ పక్క ప్యానెళ్ళు ఊడదీయాలి. ముందు నకుల్‌కి (చక్రం హబ్‌ని మోసే ఇనుప ముక్కకి) ఉండే రెండు బోల్టుల్లో పైది క్యాంబర్, అంటే చక్రం లోపలికో బయటికో వాలే కోణం, సరిచేసే వంకర బోల్టు. తీసేముందు దాని తలకీ స్ట్రట్‌కీ కలిపి పెయింటుతో గీత పెట్టండి. బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు బ్రాకెట్లు విప్పకుండా స్ట్రట్ లాగితే గొట్టం దెబ్బతింటుంది. చాలామంది వదిలేసే మెట్టు చివరిది: ముందు కంట్రోల్ ఆర్మ్, వెనక చక్రాన్ని అడ్డంగా పట్టి ఉంచే లేటరల్ లింకుల బోల్టులు వదులుచేసి, కారు నేలమీద తన బరువుతో నిలబడ్డాక మళ్ళీ బిగించాలి. గాలిలోనే బిగిస్తే ఆ కీళ్ళలో ఉండే బుష్ రబ్బరు మెలితిరిగిన స్థితిలో ఇరుక్కుపోయి త్వరగా చీలుతుంది. ఆ వెంటనే వీల్ అలైన్‌మెంట్.

యాక్సిల్ కీళ్ళ మీద గ్రీజుని పట్టి ఉంచే రబ్బరు తొడుగుల్ని బూట్లు అంటారు, వాటిలో ముందు కుడివైపు లోపలి బూటు మొదట పోతుంది. దాని పక్కనే ఎగ్జాస్ట్ గొట్టం ఉంది, ఆ వేడికి రబ్బరు ఎండుతుంది. చిరిగిన బూటు నుంచి గ్రీజు చిమ్మి గొట్టం మీద పడి కాలిన వాసన వస్తుంది. ఆ వాసన వస్తే ఆ వారమే కారు కిందికి దూరండి. కంపెనీ యాక్సిల్ లోపలి కప్పు మీద ఆకుపచ్చ రంగు ఉంటుంది. దాన్ని పారేసి చౌక యాక్సిల్ కొనకండి, శుభ్రం చేసి కొత్త బూటు, కొత్త గ్రీజు వేయించండి. చౌక రకాలతో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వణుకు వస్తుంది, ఎత్తిన కారులో మరీను.

డబ్బు పెట్టాలంటే అన్నిటికన్నా ముందు టైర్లకి పెట్టమంటాను. ఫ్యాక్టరీ సైజు 215/60 ఆర్ 16, ఎత్తు 26.2 అంగుళాలు. 215/65 ఆర్ 16 వేస్తే 27.0 అంగుళాలు, కోతలూ సుత్తి దెబ్బలూ అక్కర్లేదు. 215/75 ఆర్ 15 వేస్తే 27.7 అంగుళాలు. మందమైన పక్కగోడ రాళ్ళని బాగా ఓర్చుకుంటుంది, ఇరుసు కింద ముప్పావు అంగుళం కలిసొస్తుంది. కానీ స్పీడోమీటరు 60 చూపిస్తే నిజానికి 63న్నర మీద ఉంటారు, గేర్లన్నీ ఆరు శాతం బరువెక్కుతాయి. రిమ్ము బోల్టు వరస 5 నట్లు, 100 మిల్లీమీటర్లు, మధ్య రంధ్రం 56.1. 15 అంగుళాల రిమ్ము టర్బో ఎక్స్‌టీ బ్రేకుల మీద పట్టకపోవచ్చు, 2.5 ఎక్స్ మీదైనా కొనేముందు తొడిగి చూడాలి. నాలుగు టైర్లూ ఒకే రకం, ఒకే అరుగుదల ఉండాలి. చుట్టుకొలతలో పావు అంగుళం మించి తేడా ఉంటే ముందు, వెనక చక్రాల మధ్య బలాన్ని పంచే విస్కస్ కప్లింగ్ నిరంతరం పనిచేస్తూ వేడెక్కి పాడవుతుంది. ఒక్క టైరు చీలిందని ఒక్కటే కొత్తది వేసుకోవడం ఈ కారులో ఖరీదైన పొదుపు. కంకర మీద గాలి 20 నుంచి 22 పీఎస్‌ఐ దాకా దించండి, రోడ్డెక్కేముందు నింపుకోవడానికి కంప్రెసర్ డిక్కీలో ఉండాలి.

ఇంజన్ అడుగున రాళ్ళు తగలకుండా బిగించే పలక 3/16 అంగుళం మందం అల్యూమినియం చాలు. ప్రిమిటివ్ రేసింగ్ వాళ్ళది వాడాను, మెచ్చుకుంటున్నాను. నూనె దింపడానికి రంధ్రం ఉన్నదే ఎంచుకోండి. కారు కింద ఫ్యాక్టరీ నుంచి ఉండే పలచటి కొక్కేలు ఓడలో కట్టడానికి పెట్టినవి, బురదలోంచి లాగడానికి కావు. వెనక హిచ్ రిసీవర్ బిగిస్తే లాగడానికి నమ్మకమైన చోటు దొరుకుతుంది.

డబ్బు పెట్టినా తేలిగ్గా తీరని లోటు ఒకటుంది. లో రేంజ్, అంటే వేగం బాగా తగ్గించి చక్రాలకి బలం పెంచే అదనపు గేరు వరస, లేదు. మొదటి గేరు 3.454, ఫైనల్ డ్రైవ్ 4.11, గుణిస్తే 14.2. లో రేంజ్‌లో జీప్ రాంగ్లర్‌కి ఇది రెట్టింపుకి మించి ఉంటుంది. ఆస్ట్రేలియాలో అమ్మిన మాన్యువల్ ఫారెస్టర్లకి చిన్న లో రేంజ్ వచ్చింది, అమెరికాకి రాలేదు. కాబట్టి నిలువు రాళ్ళ మెట్ల మీద క్లచ్ సగం నొక్కి పాకించాల్సి వస్తుంది. వాసన రాగానే ఆపి చల్లారనివ్వాలి, లేకపోతే ప్లేటు మిగలదు. టెల్యురైడ్ దగ్గరి లాస్ట్ డాలర్ రోడ్ ఎండగా ఉన్నప్పుడు ఈ కారుకి హాయిగా ఉంటుంది. వాన పడితే అదే మట్టి జిగురై ఏ టైరూ పట్టు ఇవ్వదు. కాన్యన్‌ల్యాండ్స్ నేషనల్ పార్కులోని వైట్ రిమ్ రోడ్డుకి లో రేంజ్ ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరి. ఆల్ వీల్ డ్రైవ్ సుబారు ఎంత ఎత్తినా ఆ నిబంధన కింద చెల్లదు. బయల్దేరేముందే పార్కు షరతులు చదువుకోండి.

మన దగ్గర షెవ్రోలే ఫారెస్టర్ పేరుతో జనరల్ మోటార్స్ కొన్నాళ్ళు అమ్మింది ఈ బండినే, 2.0 ఇంజన్‌తో. హైదరాబాద్‌లో ఎవరి దగ్గరైనా ఉంటే సస్పెన్షన్, టైర్ల గురించి రాసినవి దానికీ పనికొస్తాయి. ఇంజన్ భాగాలు మాత్రం ఇంజన్ కోడ్ చూసే తెప్పించుకోండి.

నూనెల్లో గందరగోళం ఎక్కువ. మాన్యువల్‌లో గేర్‌బాక్సు, ముందు డిఫరెన్షియల్ ఒకే నూనె పంచుకుంటాయి, 75డబ్ల్యూ-90 జీఎల్-5 మూడున్నర లీటర్లు. ఆటోమేటిక్‌లో ముందు డిఫరెన్షియల్‌కి (డిఫ్‌కి) వేరే డిప్‌స్టిక్, వేరే మర ఉంటాయి. దాని బదులు గేర్‌బాక్సు నూనె దింపేసే మెకానిక్కులు ఉన్నారు, పని దగ్గరుండి చేయించండి. వెనక డిఫ్‌కి 0.8 లీటరు. అక్కడ ముందు పైనున్న నింపే మర ఊడుతుందో లేదో చూసుకుని, ఆ తర్వాతే కింద మర విప్పండి. తుప్పు పట్టి పైది రాకపోతే నూనె లేని డిఫ్‌తో కారు అక్కడే కూర్చుంటుంది.

కొనేముందు వెనక చక్రాల దగ్గర చెవి పెట్టండి. నలభై మైళ్ళ వేగంలో హోరు వస్తే బేరింగు పోయింది. బేరింగు ఖరీదు పెద్దది కాదు, కష్టమంతా లేటరల్ లింకుల్ని నకుల్‌కి పట్టి ఉంచే పొడవాటి బోల్టుతోనే. మంచు కురిసి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల కారైతే ఆ బోల్టు లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుని ఉంటుంది. వేడిచేసి, సుత్తితో కొట్టి రాకపోతే రెసిప్రొకేటింగ్ రంపంతో నకుల్‌కి రెండువైపులా కోయాలి, కొత్త బోల్టు, కొత్త బుష్షులు ముందే తెచ్చిపెట్టుకోవాలి. కొత్తది ఎక్కించేటప్పుడు పొడవునా యాంటీ సీజ్ (పట్టేయకుండా ఉంచే లేపనం) పూయండి. అరిజోనా, న్యూ మెక్సికో లాంటి పొడి రాష్ట్రాల కారుకి కొంచెం ఎక్కువ ధర అడిగినా ఇవ్వొచ్చు, ఈ ఒక్క బోల్టు దగ్గర మిగిలే శ్రమే ఆ తేడాకి సరిపోతుంది.