గీత దాటిన పెదవా, గీతలో ఉన్న పెదవా?

భీమవరం, అమలాపురం పెళ్లిళ్లలో ఇప్పుడు కొందరు పెళ్లికూతుళ్లకు లిప్ పెన్సిల్‌తో పెదవుల అసలు అంచు దాటించి గీస్తున్నారు. పద్ధతి కొత్తదేమీ కాదు. 1930లలోనే హాలీవుడ్ నటి జోన్ క్రాఫోర్డ్ పెదవులను మేకప్ నిపుణుడు మాక్స్ ఫ్యాక్టర్ ఇలాగే వెడల్పు చేసి చూపించారు. 2015లో అమెరికా టీవీ తార కైలీ జెన్నర్ అమ్మకానికి తెచ్చిన లిప్ కిట్‌తో (లిప్‌స్టిక్, పెన్సిల్ జత) మళ్లీ ఊపందుకుంది. పెదవులకు ఫిల్లర్లు (ఉబ్బుగా కనిపించేందుకు ఇచ్చే ఇంజెక్షన్లు) కూడా వేయించుకున్నానని ఆమె అదే ఏడాది ఒప్పుకున్నారు. పెన్సిల్ కొనేవాళ్లకు ఆ సంగతి గుర్తుండదు.

పై పెదవి బాగా పలచగా ఉంటే, మధ్యలో వెంట్రుకవాసి పైకి గీయడం ఫొటోల్లో నిజంగానే బాగుంటుంది. మూలల్లో మాత్రం దాటకూడదు. దాటితే దగ్గరగా చూసినవాళ్లకు రెండు అంచులు కనిపిస్తాయి. పైగా కోనసీమ ఉక్కపోతకు పై పెదవి మీద చెమట ఊరికే పడుతుంది. పనసపొట్టు కూర దాటి పెరుగన్నం దాకా వచ్చేసరికి కొత్త గీత చెరిగి పాత పెదవి బయటపడుతుంది.

అసలు అంచునే గీస్తే ఆ బెంగ లేదు. రంగు బయటికి పాకదు, చెరిగినా ఆకారం చెడదు. ఫొటోలో కాస్త సాదాగా ఉంటుందంటారు, ఉండనీ. బంతి భోజనాల పెళ్లికి నా ఓటు దీనికే. ఏసీ హాల్లో రిసెప్షన్ అయితే మొదటిదే కానివ్వండి, పెదవి రంగుకు దగ్గరగా ఉండే పెన్సిల్‌తో.