జీపీ పోస్టా, ఏపీపీ పరీక్షా? పేరున్న ఇంటి పిల్లలకు ఏది మేలు

లా పూర్తిచేసి నల్లకోటు వేసుకున్న పిల్లలు ఈ మధ్య ఒకే ప్రశ్న అడుగుతున్నారు. నిజానికి వాళ్లకన్నా వాళ్ల తండ్రులే ఎక్కువగా అడుగుతున్నారు. "మావాడికి ఏజీపీ (అసిస్టెంట్ గవర్నమెంట్ ప్లీడరు)గానో అదనపు పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటరు)గానో వేయించగలం. వాడేమో ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరు) పరీక్ష రాస్తానంటున్నాడు. ఏది మేలు?" ఇలా అడిగేవాళ్లలో ఎక్కువమంది ఊళ్లో పేరున్న వాళ్లే. తాత ప్లీడరు, తండ్రి సీనియర్ అడ్వకేటు, మేనమామ రాజకీయాల్లో ఉంటాడు. నెల్లూరు, ఒంగోలు బార్ అసోసియేషన్లలో ఇలాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి. ఏ వెనకబలమూ లేని కుర్రాడికి నేను చెప్పే జవాబు వేరు. ఇక్కడ రాసేది పేరున్న ఇంటి పిల్లల కోసం.

ముందు పోస్టుల సంగతి క్లుప్తంగా చెబుతాను. జీపీ (గవర్నమెంట్ ప్లీడరు), ఏజీపీలు సివిల్ కోర్టుల్లో ప్రభుత్వం తరఫున వాదిస్తారు. పీపీ, అదనపు పీపీలు సెషన్స్ కోర్టుల్లో ప్రాసిక్యూషన్ నడుపుతారు. వీటిలో టెన్యూర్ పోస్టులు ప్రభుత్వ నియామకాలు. కాలపరిమితి సాధారణంగా మూడేళ్లు. జీతం ఉండదు, గౌరవ వేతనమే. సొంత ప్రాక్టీసు చేసుకోవచ్చు, ప్రభుత్వానికి వ్యతిరేకంగా మాత్రం వకాల్తా వేయకూడదు. పీపీ కావాలంటే కనీసం ఏడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. ఇది పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 24వ సెక్షన్లో ఉండేది, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 18వ సెక్షన్లోకి వచ్చింది. ఏపీపీ అలా కాదు. అది మెజిస్ట్రేట్ కోర్టులో పనిచేసే పూర్తికాలపు ప్రభుత్వోద్యోగం. క్రిమినల్ కోర్టుల్లో మూడేళ్ల ప్రాక్టీసు తర్వాత పోలీసు నియామక మండలి పెట్టే పరీక్ష రాయాలి. ఒక ఆబ్జెక్టివ్ పేపరు, ఒక డిస్క్రిప్టివ్ పేపరు, ఆపైన ఇంటర్వ్యూ ఉంటాయి.

ముందు డబ్బు సంగతి చూద్దాం, ఇళ్లలో మొదట వచ్చే లెక్క అదే కాబట్టి. జీపీకి వచ్చే గౌరవ వేతనం మీద ఎవరి ఇల్లూ గడవదు. ఆ పోస్టులో సంపాదన వేరే దారిలో వస్తుంది. ఆఫీసు బోర్డు మీద "ప్రభుత్వ న్యాయవాది" అని పడితే ప్రైవేటు క్లయింట్లు పెరుగుతారు, గుమాస్తాకు తీరిక దొరకదు. మూడేళ్లు సరిగా వాడుకున్నవాడికి ఆ తర్వాత పదేళ్ల ప్రాక్టీసు నిలబడుతుంది. ఏపీపీది నెల జీతం, ఇంక్రిమెంట్లు, డీఏ, అంతే. సొంత కేసు ఒక్కటి కూడా పట్టుకోకూడదు. తండ్రి ఆఫీసులో వందల ఫైళ్లున్న కుర్రాడు ఏపీపీగా చేరితే వాటిలో ఒక్కదాన్నీ ముట్టుకోలేడు. డబ్బు ఒక్కటే చూస్తే జీపీ పోస్టుదే పైచేయి, అందులో వాదనకు చోటు లేదు.

పని నేర్చుకోవడంలో రెండూ రెండు రకాలు. మా జిల్లాల్లో జీపీ దగ్గరకు వచ్చే ఫైళ్లలో భూములవే ఎక్కువ. సోమశిల, కండలేరు జలాశయాల కాలం నుంచి కృష్ణపట్నం పోర్టు, రామాయపట్నం పోర్టు, వెలిగొండ ప్రాజెక్టు దాకా ఈ నేల మీద భూసేకరణ ఆగింది లేదు. పరిహారం చాలలేదని రైతు కోరితే కోర్టుకు వెళ్లే కేసులో, అంటే రిఫరెన్సులో, ఎదుటి పక్షాన నిలబడేది జీపీయే. 1894 భూసేకరణ చట్టం కింద 18వ సెక్షన్ రిఫరెన్సులు, 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం కింద 64వ సెక్షన్ రిఫరెన్సులు చూస్తూ పోతే అడంగలు, సర్వే నంబర్లు, చుట్టుపక్కల రిజిస్ట్రేషన్ విలువలు అన్నీ నోటికి వచ్చేస్తాయి. సివిల్ లాయరుకు అంతకన్నా మంచి బడి దొరకదు. దావాలోని ఒక్కో పేరాకు తహసీల్దారు ఆఫీసు నుంచి రావాల్సిన జవాబులు టైముకి రాక, వాయిదా మీద వాయిదా అడుగుతూ జడ్జిగారి చేత చీవాట్లు తినడం కూడా ఆ చదువులో భాగమే.

ఏపీపీ బడిలో ఇంత వైభవం ఉండదు. రోజుకు ఎన్నో కేసులు పిలుస్తారు. ఎక్సైజు కేసులు, కొట్లాటలు, రోడ్డు ప్రమాదాలు, భార్యాభర్తల కేసులు. మధ్యవర్తుల నివేదిక (పంచనామా) మీద సంతకం పెట్టినవాడు బోనెక్కి "నాకేం తెలియదు, స్టేషన్లో పెట్టమంటే పెట్టాను" అంటాడు. ఫిర్యాది, ముద్దాయి బయట రాజీపడి లోపలికొచ్చి ఒకరినొకరు గుర్తుపట్టనట్టు నిలబడతారు. అయినా మార్కాపురంలోనో గిద్దలూరులోనో నాలుగేళ్లు ఈ పని చేసినవాడికి సాక్షిని ఎలా నడపాలో, ఛార్జిషీటులో కన్నం ఎక్కడుందో చూపుతోనే తెలుస్తుంది. తండ్రి ఆఫీసులో పదేళ్లు ఫైలు మోసిన కుర్రాడు ఇన్ని చీఫ్ ఎగ్జామినేషన్లు (తన పక్షం సాక్షిని తానే ప్రశ్నించడం) చేసి ఉండడు. ఈ విషయంలో నేను ఏపీపీ పక్షమే.

అసలు తేల్చాల్సిన సంగతి ఇది కూడా కాదు. పోస్టు ఎవరి సంతకంతో వచ్చింది, ఎవరి సంతకంతో పోతుంది? నా లెక్కలో పేరున్న ఇంటి పిల్లలు ముందు చూసుకోవాల్సింది అదే.

పీపీ నియామకానికి చట్టంలో ఒక పద్ధతి ఉంది. కలెక్టరు జిల్లా సెషన్స్ జడ్జిని సంప్రదించి అర్హుల పేర్లతో ప్యానెల్ తయారుచేస్తారు, ప్రభుత్వం అందులోంచే నియమిస్తుంది. ఆ ప్యానెల్ దాకా పేరు ఎలా చేరుతుందో బార్ అసోసియేషన్ మెట్ల మీద కూర్చునే ఎవరినడిగినా చెబుతారు. ప్రభుత్వం మారితే చాలు, జీవో రాకముందే జిల్లా కోర్టుల్లో కొత్త పేర్లు వినిపిస్తాయి. ఇది ఒక పార్టీ సంగతి కాదు, మన రాష్ట్రం సంగతి మాత్రమే కూడా కాదు. 1990లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం జిల్లాల్లోని ప్రభుత్వ న్యాయవాదులందర్నీ ఒక్క సర్క్యులర్‌తో తీసేసింది. శ్రీలేఖ విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు ఆ సర్క్యులర్‌ను కొట్టేసి, ఈ నియామకాలకు కూడా రాజ్యాంగంలోని 14వ అధికరణం (సమానత్వ హక్కు) వర్తిస్తుందని చెప్పింది. ఆ తర్వాత 2004లో జోహ్రీమల్ కేసులో మాత్రం, గడువు తీరాక పొడిగించమని అడిగే హక్కు లేదని తేల్చింది. రెండూ కలిపి చూస్తే ఇష్టమొచ్చినట్టు తీసేయకూడదు, కొనసాగించమని పట్టుబట్టనూ కూడదు. అంత సన్నటి నేల మీద ఉంటుంది టెన్యూర్ పోస్టు.

పేరులేని ఇంటి నుంచి వచ్చిన లాయరు అదనపు పీపీ అయితే జనం "బాగా చదివినవాడు, పైకొచ్చాడు" అంటారు. పెద్దింటి అబ్బాయికి అదే పోస్టు వస్తే "వాళ్ల మామ వేయించాడు" అంటారు. అబ్బాయి నిజంగా చురుకైనవాడే కావచ్చు, కానీ ఆ మాట పోదు. ముద్దాయి నిర్దోషిగా బయటపడ్డ ప్రతిసారీ పోలీసుల వైపు నుంచో బాధితుల వైపు నుంచో "వాళ్లూ వాళ్లూ ఒకటే" అనే గుసగుస మొదలవుతుంది. కేసు నిజంగా సాక్ష్యం లేక పోయిందని ఎవరూ తీర్పు చదివి తెలుసుకోరు.

ఇంతకన్నా గట్టి చిక్కు కేసుల ఉపసంహరణ దగ్గర వస్తుంది. పాత సీఆర్‌పీసీ 321, ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 360వ సెక్షన్ కింద ప్రాసిక్యూషన్ వెనక్కి తీసుకునే పిటిషన్ వేయాల్సింది కేసు చూస్తున్న ప్రాసిక్యూటరే. ప్రభుత్వం సూచించవచ్చు, తన బుద్ధితో ఆలోచించి నిర్ణయించాల్సింది మాత్రం ఆయన. కోర్టు అనుమతి తప్పనిసరి, కొత్త చట్టంలో బాధితుల మాట వినకుండా అనుమతించకూడదని కూడా చేర్చారు. కాగితం మీద ఇది ప్రాసిక్యూటర్‌కు పెద్ద కవచం. తనకు పోస్టు వేయించిన పెద్దమనిషే "ఆ ఎన్నికలప్పటి కేసు ఒకటుంది, చూడబ్బాయ్" అని ఫోన్ చేస్తే ఆ కవచం ఎంతవరకు ఆగుతుంది? కాదనగలిగిన వాళ్లున్నారు, వాళ్లంటే నాకు గౌరవం. ముప్ఫై ఏళ్ల కుర్రాణ్ణి, అదీ మేనమామకు మొహం చూపించాల్సిన వాణ్ణి ఆ పరీక్షలో కూర్చోబెట్టడమే అన్యాయం.

ఏపీపీకి ఒత్తిడి ఉండదా అంటే, ఎందుకుండదు? సీఐ నుంచి, డీఎస్పీ నుంచి, ఎమ్మెల్యే మనుషుల నుంచి ఉంటుంది. తేడా ఏమిటంటే ఏపీపీని కోపమొస్తే బదిలీ చేయగలరు, అంతే. ఉద్యోగం ర్యాంకు మీద వచ్చింది, ఎవరూ ఇచ్చింది కాదు. కావలి నుంచి కనిగిరికి పంపితే సామాన్లు సర్దుకుని పోతాడు. సొంత జిల్లాకు దూరంగా పడ్డా పెద్దింటి పిల్లలకు అది వరమే అంటాను. తాత పేరు తెలియని ఊళ్లో ఇతను ఎలాంటి లాయరో అక్కడి జనానికి ఇతని పనిని బట్టే తెలుస్తుంది. ఇంటి భూములు పోయిన ప్రాజెక్టు ఫైలు, చిన్నాన్న పార్టీగా ఉన్న దావా లాంటివి టేబుల్ మీదికొచ్చే ప్రమాదమూ తప్పుతుంది. సొంత జిల్లాలో జీపీగా కూర్చున్న పెద్దింటి అబ్బాయికి ఇలాంటి ఫైళ్లు తరచూ వస్తాయి. తప్పుకుంటే ఒక బాధ, తప్పుకోకపోతే ఇంకో బాధ.

ఈ ప్రాంతం నుంచి వెళ్లిన లాయర్లలో ఇద్దరి పేర్లు అందరికీ తెలుసు. నెల్లూరు జిల్లా పుదూరులో పూజారి కొడుకుగా పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ 1929 నుంచి 1944 దాకా మద్రాసు అడ్వకేట్ జనరల్‌గా ఉన్నారు, తర్వాత రాజ్యాంగ ముసాయిదా కమిటీలో కూర్చున్నారు. ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం తల్లి పూటకూళ్లిల్లు నడిపి చదివిస్తే బారిస్టరయ్యారు. ఇద్దరికీ ఇంటి పేరు వల్ల ఒరిగిందేమీ లేదు. అల్లాడి వారి అబ్బాయి కుప్పుస్వామి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి దాకా వెళ్లారు. అంతటి తండ్రి ఉన్నా పైకి రావచ్చు, కాకపోతే తండ్రితో పోల్చడం మాత్రం ఎవరూ మానరు.

ఏపీపీకి పైన దారి లేదని కొందరంటారు, అది సగమే నిజం. సీనియర్ ఏపీపీ, ఆపైన కేడర్‌లో అదనపు పీపీ, ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్‌లో పోస్టులు ఉన్నాయి. ప్రమోషన్లు నెమ్మదిగానే వస్తాయి. చాలామందికి తెలియని మేలు ఒకటుంది. ఏపీపీగా చేసిన సర్వీసును చట్టం అడ్వకేటు ప్రాక్టీసు కిందే లెక్కిస్తుంది. 2013లో దీపక్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు, పూర్తికాలపు ప్రాసిక్యూటర్లు కూడా ఏడేళ్ల ప్రాక్టీసు ఉన్న అడ్వకేట్లుగా జిల్లా జడ్జిగా నేరుగా నియామకం పొందడానికి అర్హులేనని చెప్పింది. అంటే ఏపీపీలో చేరినంత మాత్రాన జిల్లా జడ్జి తలుపు మూసుకుపోదు.

జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష సంగతి కూడా అడుగుతారు. 2025 మే 20న సుప్రీంకోర్టు దానికి మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి చేసింది. నెల జీతం మొదటి స్కేలు 77,840 నుంచి 1,36,520 రూపాయలు. మంచి ఉద్యోగమే, కాకపోతే అది వాదించే బతుకు కాదు, వినే బతుకు. కొడుకు జడ్జిగా ఉన్న కోర్టులో తండ్రి వాదించడానికి బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు కూడా. మునిసిపాలిటీ, దేవాదాయ శాఖ కేసులు చూసే స్టాండింగ్ కౌన్సిల్ పోస్టుల్లో ఫీజు తక్కువ, ఎదురుచూపులు ఎక్కువ. లాయరును పెట్టుకోలేని ముద్దాయిల తరఫున వాదించే లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ వ్యవస్థ కొత్తది, క్రాస్ ఎగ్జామినేషన్ మీద ఇష్టమున్నవాళ్లు ఒకసారి చూడొచ్చు.

టెన్యూర్ పోస్టు ఎప్పుడూ వద్దనడం లేదు. నలభై దాటి, సొంత క్లయింట్లు ఏర్పడి, పోస్టు పోయినా మర్నాడు ఉదయం ఆఫీసు తలుపు తీసుకుని కూర్చోగలనన్న ధీమా వచ్చాక జీపీగా వెళ్లండి, ఇంకా పైకి వెళ్లి హైకోర్టులోనే జీపీ కండి. అప్పుడు ఫోన్ చేసి "చూడబ్బాయ్" అన్నవాడికి "కుదరదండీ" అని చెప్పడం తేలిక. ఇరవైల్లో, ముప్ఫైల మొదట్లో ఉన్న పెద్దింటి పిల్లలకు మాత్రం నా సలహా ఏపీపీ పరీక్షే.

ఏపీపీ నోటిఫికేషన్ ఏటా రాదు. వచ్చే లోపల మూడేళ్ల క్రిమినల్ ప్రాక్టీసుకు రుజువు పోగవ్వాలి. అందుకని తండ్రులకు ఒక మాట. చిన్న కేసైనా సరే, బెయిల్ పిటిషనైనా సరే, వకాల్తా మీ అబ్బాయి పేరునో అమ్మాయి పేరునో వేయించండి, మీ పేరు కింద రెండో పేరుగా కాదు. సాక్షిని అడిగేటప్పుడు కూడా మీరు వెనక కూర్చోండి.