మ్యూజియం టవర్: పన్నెండేళ్ళుగా కింద నుంచి చూశాక

అమెరికాలోని డాలస్‌లో క్లైడ్ వారెన్ పార్కు 2012 అక్టోబరులో తెరిచిన నాటి నుంచి, నెలకు ఒకసారైనా ఇర్వింగ్ నుంచి రైల్లో వచ్చి సెయింట్ పాల్ స్టేషనులో దిగి మ్యూజియాలు, నాటక, సంగీత భవనాలు ఉన్న ఆర్ట్స్ డిస్ట్రిక్ట్‌ పేటలో తిరగడం మా ఇంటిల్లిపాదికీ అలవాటు. అందువల్ల ఇది అక్కడి 42 అంతస్తుల నివాస భవనం మ్యూజియం టవర్‌ను దాని పొరుగు వీధుల్లో నడిచే మనిషి కంటితో చేసిన సమీక్ష. లోపలి సౌకర్యాల సంగతి అక్కడ ఇల్లు కొనుక్కున్నవారు చూసుకుంటారు.

ఎత్తు మీద నాకు అభ్యంతరం లేదు. వెనుకనే అంతకంటే ఎత్తైన డౌన్‌టౌన్ భవనాలు ఉన్నాయి. పార్కు పచ్చిక మీద కూర్చుని సాయంత్రం చూస్తే, సుమారు 560 అడుగుల ఆ వంపు తిరిగిన గాజు గోడ అందంగానే ఉంటుంది. అయితే ఈ పేటలో ఎత్తుగా కట్టడానికి వేరే పద్ధతి కూడా ఉందని గ్వాడలూపే కేథడ్రల్ గుర్తు చేస్తుంది. 1902 నాటి ఆ చర్చికి దాని వాస్తుశిల్పి నికొలస్ క్లేటన్ ఊహించిన గంటల గోపురం శతాబ్దం పాటు కట్టకుండానే ఉండిపోగా, 2005లో అతని నమూనా ప్రకారమే దానిని పూర్తి చేశారు.

చిక్కంతా టవర్ పక్కనే ఉన్న నాషర్ శిల్పకళా కేంద్రంతో వచ్చింది. 2003లో వాస్తుశిల్పి రెంజో పియానో దానికి గాజు పైకప్పు వేసి, దానిపైన అల్యూమినియం జల్లెడ లాంటి తెరను పరిచాడు. ఆ తెరలోని రంధ్రాలన్నీ ఉత్తరానికి తిరిగి ఉండటం వల్ల దక్షిణపు ఎండ లోపలికి దిగదు, ఉత్తరాకాశపు మెత్తని వెలుగు మాత్రమే శిల్పాల మీద పడుతుంది. అంటే ఆ కట్టడం ఉత్తరపు ఆకాశాన్ని నమ్ముకుని నిలబడింది. సరిగ్గా ఆ దిక్కునే లేచిన టవర్ అద్దాలు ఎండను పట్టి వెనక్కి కొట్టగా, ముందు తలుపు మూసుకున్న ఇంట్లోకి పెరటి దారిన వచ్చినట్టు ఎండ లోపలికి వచ్చింది. పెద్ద భవనం వస్తుందంటే నీడ ఎంత దూరం పడుతుందని అందరూ అడుగుతారు గానీ, వెలుగు ఎంత దూరం పడుతుందని అడిగేవారు అరుదు.

నాషర్ తోటలో కళాకారుడు జేమ్స్ టరెల్ నిర్మించిన గది మరో ఉదాహరణ. పైకప్పులో తెరిచి ఉంచిన చతురస్రం గుండా ఆకాశం తప్ప మరేమీ కనిపించకూడదన్నదే ఆ కళాకృతి ప్రాణం. ఆ చతురస్రంలోకి టవర్ చొరబడటంతో అది నాశనమైందని టరెలే ప్రకటించాడు. ఎండ విషయంలో నాషర్ తన పైకప్పు తెరను మార్చుకోవాలని టవర్ పక్షం, టవరే తన గోడకు తెర కట్టుకోవాలని నాషర్ పక్షం పట్టుబట్టాయి. ముందు వచ్చినవాడి ఆకాశాన్ని వెనుక వచ్చినవాడు గౌరవించాలన్నది నా పక్షం.

నడకకు వస్తే, ఫ్లోరా వీధిలో నాటక, సంగీత భవనాల ముందు జనం ఆగుతారు. టవర్ ముందు ఆగి చూడటానికి నాకు ఇన్నేళ్ళలో కారణం దొరకలేదు. పార్కు వైపు నుంచి ఐదింటికి నాలుగు, తోట వైపు నుంచి ఒకటి ఇస్తాను. నాషర్‌కు మొదటిసారి వెళ్ళేవారు మబ్బు పట్టిన రోజు ఒకసారి, ఎండ రోజు ఒకసారి వెళ్ళండి. ఎండ రోజున, అద్దాల వెలుగు పడే వేళ, తోటలో ఒకే చెట్టుకు రెండు వైపులా రెండు నీడలు కనిపిస్తాయి.