పాత కారు, ఆరేళ్ల పెట్రోల్ లెక్క

నా కారు 2011 మోడల్. వెయ్యి సీసీ, మూడు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, చేత్తో వేసే గేర్లు. హైదరాబాద్‌లో ఏ సిగ్నల్ దగ్గర ఆగినా అటొకటి ఇటొకటి కనిపించే రకం. 2019 చివర్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అప్పటికి మీటర్ మీద 71 వేలు, ఇప్పుడు లక్షా ఇరవై ఆరు వేలు దాటింది. "పద్దెనిమిది ఇస్తది సార్, కళ్లు మూసుకుని తీస్కోండి" అన్నాడు అమ్మినాయన. మొదటి నెల కళ్లు తెరిచి లెక్క కడితే లీటరుకి 10.8 కిలోమీటర్లు వచ్చింది.

ఇప్పుడు సిటీలో 14.5 అటూ ఇటూగా ఇస్తోంది. ఈ తేడా ఎక్కడెక్కడి నుంచి వచ్చిందో, మధ్యలో నేను దేనికి డబ్బు తగలేశానో రాస్తున్నాను. ఉండేది కొత్తపేటలో, ఆఫీసు మాదాపూర్‌లో. వారానికి మూడు రోజులు కారు, మిగతా రోజులు మెట్రో. కారు రూటు చాదర్‌ఘాట్, లక్డీకాపూల్, పంజాగుట్ట, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ మీదుగా దుర్గం చెరువు బ్రిడ్జి. పోయేటప్పుడు దాదాపు 24 కిలోమీటర్లు. అన్నీ కలిపి నెలకి 900 తిరుగుతుంది.

ముందు లెక్క సంగతి. మనలో చాలామందికి "ఐదొందలది కొట్టు" అలవాటు. అలా కొట్టించుకుంటూ పోతే మైలేజ్ ఎంతో దేవుడికి కూడా తెలియదు. నేను ఫుల్ ట్యాంక్ చేయించి, పంపు దానంతటది కట్ అవగానే ఆపించి, ట్రిప్ మీటర్ సున్నా చేస్తాను. మళ్లీ అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర ఫుల్ చేయించి, తిరిగిన కిలోమీటర్లని పట్టిన లీటర్లతో భాగిస్తాను. ఇక్కడ ఒక తంటా ఉంది. కట్ అయ్యాక బంకు కుర్రాడు "రౌండ్ ఫిగర్ చేయనా సార్" అని నాజిల్ మళ్లీ నొక్కుతాడు. ఆ ఒక్క నొక్కుడుతో అర లీటరు ఎక్కువ పడితే లెక్క మొత్తం అటూ ఇటూ అయిపోతుంది. వద్దు బాబూ అని ముందే చెప్పాలి. ఒక్క ట్యాంక్ చూసి సంబరపడకూడదు. నేనైతే మూడు ట్యాంకుల సగటు వచ్చాకే పుస్తకంలో ఎర్ర ఇంకుతో రాస్తాను.

ఇంకో విషయం చాలా ఆలస్యంగా తెలిసింది. ఓఆర్ఆర్ (ఊరి చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు) మీద కిలోమీటర్ బోర్డులు ఉంటాయి కదా, వాటితో నా మీటర్‌ని పోల్చి చూశాను. బోర్డుల ప్రకారం 40 కిలోమీటర్లు పోతే నా మీటర్ 40.7 చూపించింది. అంటే నేను చెప్పే మైలేజ్‌లో దాదాపు రెండు శాతం గాలి కబురే. మీ కారుకి కంపెనీ సైజు కాకుండా వేరే సైజు టైర్లు వేసి ఉంటే ఈ తేడా ఇంకా ఎక్కువ ఉండొచ్చు.

టైర్లలో గాలి గురించి అందరూ చెప్తారు కాబట్టి పొడుగ్గా రాయను. నా టైర్లలో నాలుగు చక్రాలకీ నాలుగు రకాల గాలి ఉంది, ఒకదాంట్లో 23 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత). డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉన్నంత పట్టించి, చక్రాల అలైన్‌మెంట్ చేయిస్తే మైలేజ్ 11.4 అయింది. పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. పంక్చర్ షాపు మీటర్లని నమ్మలేక ఒక చిన్న గేజ్ కొన్నాను. ఈ ఆరేళ్లలో కారు కోసం కొన్న వస్తువుల్లో డబ్బు పూర్తిగా గిట్టుబాటైంది అదే.

అసలు కథ బ్రేకులతో మొదలైంది. 2021లో అనుకుంటా, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ దిగి ఆరాంఘర్ దగ్గర టీకి ఆగాను. పైన పదకొండున్నర కిలోమీటర్లు బ్రేక్ మీద కాలు పెట్టే పనే పెద్దగా పడలేదు. అయినా ముందు ఎడమ చక్రం పక్కన నిలబడితే కాలికి సెగ తగులుతోంది. కుడి చక్రం దగ్గర అదేం లేదు. సీసాలో నీళ్లు ఉంటే రిమ్ము మీద నాలుగు చుక్కలు చల్లాను. చుయ్యిమని లేచిపోయాయి. కుడివైపు చల్లితే నీళ్లు అలాగే జారిపోయాయి.

మూసారంబాగ్‌లో నేను పోయే మెకానిక్ భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. అంతకుముందు రెండుసార్లు మైలేజ్ రావట్లేదని పోతే "పాత ఇంజన్ సార్, అంతే ఇస్తది" అని పంపించిన మనిషే. ఈసారి జాకీ పెట్టి చక్రం చేత్తో తిప్పాడు. అర చుట్టు తిరిగి ఆగిపోయింది. రెండోవైపుది మూడు నాలుగు చుట్లు తిరిగింది. "ఇంజన్‌ల ఏం లేదు సార్, బ్రేక్ పట్టేస్తుంది" అన్నాడు నవ్వుతూ. క్యాలిపర్ (చక్రంతో పాటు తిరిగే డిస్క్‌కి ప్యాడ్లని నొక్కే భాగం) ఊడదీస్తే అది జరగాల్సిన రెండు పిన్నుల మీద గ్రీజు ఎండిపోయి, తుప్పు పట్టి ఉంది. బ్రేక్ నొక్కినప్పుడు ప్యాడ్ డిస్క్‌ని పట్టుకుంటోంది, వదిలాక వెనక్కి రావట్లేదు. అంటే రెండేళ్లుగా నేను ఒక కాలు బ్రేక్ మీద పెట్టుకుని బండి నడిపినట్టే. పిన్నులు, రబ్బర్లు, కొత్త ప్యాడ్లు కలిపి రెండు వేల లోపే అయింది. వెనక హ్యాండ్‌బ్రేక్ కేబుల్ కూడా కాస్త బిగుసుకుంటే లూజు చేశాడు. తర్వాత మూడు ట్యాంకుల సగటు 12.6.

ఇది మనంతట మనమే చూసుకోవచ్చు. చదునైన ఖాళీ రోడ్డు మీద 30 వేగంలో న్యూట్రల్ వేసి వదలండి. బండి ఎవరో వెనక్కి పట్టి లాగినట్టు ఆగిపోతే చక్రాల సంగతి చూపించాలి.

పెట్రోల్ తాగేస్తున్న రెండో దొంగ దొరకడానికి ఇంకో ఏడాది పట్టింది. చలికాలంలో మైలేజ్ మరీ పడిపోయేది. పొల్యూషన్ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ 0.27 వచ్చింది. బీఎస్-4 (పొగకి సర్కారు పెట్టిన ప్రమాణం) పెట్రోల్ బండికి 0.3 శాతం హద్దు కాబట్టి పాసే. కానీ పరీక్ష చేసిన వ్యాన్ కుర్రాడు కాగితం ఇస్తూ "కొంచెం ఎక్కువుందన్నా, పెట్రోల్ ఎక్కువ తాగుతున్నట్టుంది, చూపించుకో" అన్నాడు. మా భాయ్ స్కానర్ పెట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ దాకా తిప్పాడు. బండి కదులుతున్నంతసేపూ కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు) వేడి 65 డిగ్రీల దగ్గరే ఉంది, సిగ్నల్‌లో ఆగితే పైకి పోతోంది, కదలగానే మళ్లీ దిగుతోంది. మామూలుగా అయితే 80 దాటి అక్కడే నిలబడాలి.

గొట్టం విప్పి చూస్తే లోపల థర్మోస్టాట్ పాడవలేదు. అసలు లేనే లేదు! నాకంటే ముందు ఎవరి చేతిలోనో బండి ఎప్పుడో వేడెక్కి ఉంటుంది, "మన ఎండలకి ఇదెందుకు" అని ఏ మెకానిక్కో పీకి పారేసి ఉంటాడు. ఇది మన దగ్గర బాగా ఉన్న అలవాటే. పని చేసేది ఇలాగ: ఇంజన్ వేడెక్కేదాకా థర్మోస్టాట్ నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపుతుంది. అది లేకపోతే మొదటి నిమిషం నుంచే నీళ్లు చల్లబడుతూ ఉంటాయి. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువెక్కువ పోస్తూనే ఉంటుంది. పాత కార్లలో చోక్ లాగి మర్చిపోయినట్టన్నమాట. రాణిగంజ్ వెళ్లి థర్మోస్టాట్, గ్యాస్కెట్ తెచ్చాను. రేడియేటర్‌లో ఉన్న తుప్పు నీళ్లు పారబోయించి సరైన కూలెంట్ పోయించాను. మొత్తం పదహారు వందలు. 13.7 అయింది, తర్వాతి పొల్యూషన్ కాగితంలో 0.08. వేసవిలో వేడెక్కుతుందేమోనని నాకు కొన్నాళ్లు టెన్షన్ ఉండేది. రేడియేటర్, ఫ్యాన్ బాగుంటే ఏమీ కాదు. మూడు వేసవులు చూశాను.

డబ్బు తగలేసినవి కూడా చెప్పాలి. మా బావమరిది ప్రేమగా తెచ్చిచ్చిన ఒక డబ్బీ, స్టీరింగ్ కింద సాకెట్‌లో గుచ్చేది. ముప్పై శాతం ఆదా అని అట్ట మీద ఉంది. ఆకుపచ్చ లైటు బాగా వెలిగింది. ట్యాంకులో పోసే సీసా మందు రెండుసార్లు వాడాను, పుస్తకంలో ఏ తేడా లేదు. ప్రీమియం పెట్రోల్ ఒక నెల, అదీ అంతే. మామూలు పెట్రోల్‌కి తయారైన ఇంజన్‌కి ఆక్టేన్ ఎక్కువది పోస్తే లాభం ఉండదని తర్వాత అర్థమైంది. ఎయిర్ ఫిల్టర్ మట్టికొట్టుకుపోయి ఉంటే మార్చాను, మైలేజ్ పెరగలేదు. పికప్ మాత్రం తేలికైంది. కంప్యూటర్ లెక్క చూసి పెట్రోల్ పోసే ఇంజెక్షన్ ఇంజన్‌లో గాలి తగ్గితే పెట్రోల్ కూడా తగ్గించి పోస్తుంది కాబట్టి అలాగే ఉంటుందట. ఇంజన్ ఆయిల్ విషయంలో ఒకచోట "పాత బండికి చిక్కటిది మంచిది" అని 20డబ్ల్యూ-50 పోశారు. మాన్యువల్ చూసి పల్చటి 5డబ్ల్యూ-30కి వచ్చేశాను. అంకెల్లో తేడా చిన్నదే, పొద్దున స్టార్టింగ్‌లో మాత్రం హాయి.

నడపడం గురించి. న్యూట్రల్‌లో ఫ్లైఓవర్ దిగితే పెట్రోల్ మిగులుతుందని నేనూ ఏళ్లతరబడి అనుకున్నాను. కార్బ్యురేటర్ కాలం నాటి మాట అది. ఇంజెక్షన్ బండిలో గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోల్ పోయడమే ఆపేస్తుంది. న్యూట్రల్ వేస్తే ఇంజన్ ఆగిపోకుండా తిప్పడానికి మళ్లీ పోయాలి. పైగా దిగుడులో న్యూట్రల్ ప్రమాదం. ముందు సిగ్నల్ ఎర్రగా కనిపించగానే కాలు తీసేసి గేరులోనే వదిలేస్తాను. వెనకోడు హారన్ కొడతాడు. కొట్టుకోనీ.

నిజానికి నా కాలు కంటే నేను బయల్దేరే టైము ఎక్కువ పని చేసింది. ఎనిమిదింటికి బయల్దేరితే ఒక లెక్క, తొమ్మిదింటికి అయితే మలక్‌పేట రైల్వే బ్రిడ్జి దగ్గరే మొదలవుతుంది ఫస్ట్ గేర్, హాఫ్ క్లచ్. రెండు నెలలు వేర్వేరుగా రాశాను, తేడా లీటరుకి కిలోమీటరు పైనే. వాన పడిన రోజు ఆ బ్రిడ్జి కింద నీళ్లు నిలిస్తే ఇక లెక్కలు రాయకపోవడమే మంచిది. సరూర్‌నగర్ రైతు బజార్‌కి కారు తీయడం కూడా మానేశాను. ఇంజన్ వేడెక్కేలోపే వచ్చేస్తాం, ఆ కాసేపట్లో బండి తాగేదే ఎక్కువ.

ఓఆర్ఆర్ మీద 120 దాకా పోవచ్చు గానీ నా పాత బండికి 85 దగ్గర పద్దెనిమిది పైన వస్తుంది, 110 దగ్గర పదిహేనుకి పడిపోతుంది. అమ్మినాయన చెప్పిన పద్దెనిమిది అబద్ధం కాదన్నమాట, రోడ్డు ఏదో చెప్పలేదంతే.

ఏసీ ఆపి పొదుపు చేయండి అంటారు కొందరు. మే నెలలో పంజాగుట్ట సిగ్నల్ దగ్గర అద్దాలు దించుకుని కూర్చుని ఆ మాట చెప్పమనండి. నేను చేసేది ఒకటే. ఎండలో నిలిపిన కారు నాలుగు తలుపులూ ఒక నిమిషం తీసిపెట్టి, వేడి పోయాక ఏసీ వేస్తాను.

20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వచ్చాక నా పుస్తకంలో లీటరుకి అర కిలోమీటరు దాకా తగ్గినట్టు కనిపిస్తోంది. ఇథనాల్‌లో లీటరుకి ఉండే శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ కాబట్టి ఎంతో కొంత తగ్గక తప్పదు. నా బండి ఆ పెట్రోల్ కోసం తయారైంది కాదు, అందుకని ఇంజన్ దగ్గరి రబ్బరు పైపులు సర్వీసుకోసారి చూపిస్తున్నాను.

డబ్బుల్లో చెప్పాలంటే, 900 కిలోమీటర్లకి అప్పట్లో 83 లీటర్లు పట్టేది, ఇప్పుడు 62. లీటరు 107 ఉన్నప్పుడు లెక్క కడితే నెలకి రెండు వేల రెండు వందల పైన మిగిలింది. సీఎన్‌జీ కిట్ పెట్టించమని చాలామంది చెప్పారు. నేను తిరిగే నెలకి 900కి ఆ ఖర్చు తిరిగి రావడానికి చాలా కాలం పడుతుంది, డిక్కీ కూడా పోతుంది. పైగా 2026లో పదిహేనేళ్లు నిండి ఆర్‌సీ రెన్యువల్ ఉంది, ఫిట్‌నెస్ పాసయ్యాకే ఇంకేదైనా.

మొన్న ఆదివారం ఫుల్ చేయిస్తే 14.1 వచ్చింది. గేజ్ పెట్టి చూశాను, ముందు కుడి టైర్‌లో 26 ఉంది. వాల్వ్ దగ్గర ఉమ్మి రాస్తే బుడగ లేచింది.