రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్‌కు 26 డిగ్రీలు: ఏడేళ్ళ వాడకం తర్వాత నా సమీక్ష

2018 ఫిబ్రవరిలో సికింద్రాబాదులోని ఒక దుకాణం నుంచి అరచేయంత రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ పిల్లను తెచ్చుకున్నప్పుడు దుకాణదారు నాకు చెప్పిన జాగ్రత్త ఒక్కటే. "నీళ్ళు 30 డిగ్రీలకు తగ్గనీయకండి సార్, మంచిగ తింటది, జల్ది పెరుగుతది" అన్నాడు. ఆ మాటను దాదాపు రెండేళ్ళు పాటించాను. ఆ తర్వాత 28కి దిగాను, ఒక చలికాలం 24 పెట్టి చూశాను, చివరకు 26 దగ్గర నిలిచాను. ఇప్పుడు ఆ చేప మూడడుగులకు కొంచెం తక్కువ పొడవుంది. ఈ ఏడేళ్ళలో మార్చి మార్చి చూసిన ఉష్ణోగ్రతలనూ, వాటిని నిలబెట్టడానికి వాడిన హీటర్లనూ, కంట్రోలర్‌నూ, వేసవి ఫ్యాన్లనూ కలిపి ఇక్కడ సమీక్షిస్తున్నాను. "ఎన్ని డిగ్రీలు పెట్టాలి" అన్నదే అందరూ మొదట అడిగే ప్రశ్న కాబట్టి నా జవాబు ముందే చెబుతాను. రెడ్‌టెయిల్‌కు 26 పెట్టండి, చలికాలంలో 25 అయినా పరవాలేదు, ఎండాకాలంలో 29 దాటకుండా చూడండి, అన్నిటికంటే ముఖ్యంగా ఒక్క రోజులో రెండు డిగ్రీలకు మించి మారనీయకండి.

నా దగ్గర మొదట ఉన్నది ఆరడుగుల గాజు ట్యాంకు, సుమారు 650 లీటర్లది. 2020లో కింది అంతస్తు గదిలో ఇటుకలతో కట్టించి ముందువైపు అద్దం బిగించిన తొట్టెలోకి చేపను మార్చాను. దాని పొడవు పది అడుగులు, వెడల్పు ఐదు, లోతు రెండున్నర. వెనుక ఉన్న ఫిల్టరు తొట్టెతో కలిపి నిజంగా పట్టే నీళ్ళు 3,200 లీటర్లు. మీటరుకు పైగా పెరిగే చేపకు ఇది కూడా ఎక్కువ జాగా కాదని నాకు తెలుసు. ఇంతకంటే చిన్న చోట దీన్ని పెంచాలనుకునేవారు ఉష్ణోగ్రత గురించి ఆలోచించే ముందు, అసలు ఈ చేపను కొనాలా వద్దా అన్నది ఆలోచించాలని నిజాయితీగా కోరుతున్నాను.

ముందు 30 డిగ్రీల సంగతి. దుకాణదారు చెప్పినది అబద్ధం కాదు. ఆ వేడిలో చేప విపరీతంగా తిన్నది, నెలనెలా కళ్ళకు కనబడేటంతగా పెరిగింది. అయితే చేప ఒంటి వేడి నీళ్ళ వేడితోపాటే మారుతుంది కాబట్టి, నీళ్ళు వేడెక్కేకొద్దీ దాని ఒంట్లో జరిగే పనులన్నీ వేగం పుంజుకుంటాయి, దానికి ప్రాణవాయువు ఎక్కువ కావాలి. సరిగ్గా అప్పుడే నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది. మంచినీళ్ళు 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టగలవు, 25 దగ్గర 8.3 వరకు, 30 దగ్గరకు వచ్చేసరికి 7.6 మాత్రమే. ఇవి నీళ్ళు పూర్తిగా గాలి పట్టినప్పటి లెక్కలు. పెద్ద చేప, దాని మలం, మిగిలిన తిండి, ఫిల్టరులోని బ్యాక్టీరియా అన్నీ అందులోంచే వాడుకుంటాయి కాబట్టి ఇంటి తొట్టెలో మిగిలేది ఇంకా తక్కువ. దీనికి తోడు అమ్మోనియా సమస్య ఉంది. పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 ఉన్న నీళ్ళలో, చేపకు విషమైన రూపంలో ఉండే అమ్మోనియా 20 డిగ్రీల దగ్గర మొత్తంలో నాలుగు శాతం లోపు ఉంటే, 30 దగ్గర ఏడు శాతం దాటుతుంది. మా బోరు నీళ్ళ పీహెచ్ 8కి అటూ ఇటూగానే ఉంటుంది. పరీక్ష కిట్టులో రంగు ఒకటే వచ్చినా వేడి నీళ్ళలో దాని అర్థం వేరని నేను చాలా ఆలస్యంగా గ్రహించాను.

అమెజాన్ ప్రధాన ప్రవాహం నీళ్ళే 28 డిగ్రీలు దాటి ఉంటాయి కదా అని కొందరు వాదిస్తారు. నిజమే, ఈ చేప అమెజాన్, ఒరినోకో, ఎసెక్విబో నదులది. కానీ అక్కడ దానికి ఎడతెగని ప్రవాహం ఉంది, లోతు ఉంది, నచ్చకపోతే పక్కకు పోయే వీలుంది, దాని మలం దాని చుట్టూనే తిరగదు. నది డిగ్రీని మాత్రం తెచ్చుకుని నది నీళ్ళను తెచ్చుకోలేనప్పుడు, ఆ డిగ్రీని కొంచెం తగ్గించడమే చేపకు మేలు. చేపల సమాచార గ్రంథాల్లో ఈ జాతికి సాధారణంగా 20 నుంచి 26 వరకు రాస్తారు. నేను ఆ శ్రేణిలో పై అంచున ఉన్నాను.

నన్ను ఈ దారికి మళ్ళించింది రెండో చలికాలంలో జరిగిన ఒక ప్రమాదం. అప్పటి గాజు ట్యాంకులో 500 వాట్ల గాజు హీటరు ఒక్కటే ఉండేది. మేము పెళ్ళికి రాజమండ్రి వెళ్ళి రెండు రోజుల తర్వాత తిరిగివచ్చేసరికి హీటరులోని థర్మోస్టాట్ అతుక్కుపోయి ఆగకుండా కాగుతూ ఉంది. నీళ్ళు 33 దగ్గర ఉన్నాయి. ఎప్పుడూ అడుగున ఇసుకకు పొట్ట ఆనించి పడుకునే చేప, ఫిల్టరు నీళ్ళు పడేచోట పైకి వచ్చి తలెత్తి నిలబడి ఉంది. మీసాలు ముందుకు చాచుకోకుండా ఒంటికి అంటుకుపోయి ఉన్నాయి, మొప్పల మూతలు పూర్తిగా తెరుచుకుని మూసుకుంటున్నాయి. గడియారం పట్టుకుని లెక్కపెట్టాను, నిమిషానికి అరవై దాటింది. ఇప్పుడు 26 డిగ్రీల దగ్గర అదే చేప, పొద్దున పూట పడుకుని ఉన్నప్పుడు, ముప్పై దాటదు. ఆ రాత్రి హీటరు పీకేసి, రెండు ఎయిర్ పంపులు అదనంగా పెట్టి, పైన ఫ్యాను తిప్పి, నీళ్ళను వాటంతట అవి చల్లారనిచ్చాను. ఐసు గడ్డలు వేయమని ఇద్దరు సలహా ఇచ్చారు, వేయలేదు. వేసి ఉంటే వేడిదెబ్బ మీద చలిదెబ్బ తగిలేది. చేప బతికింది గాని తొమ్మిది రోజులు తిండి ముట్టలేదు.

కొత్త తొట్టెలో ఇప్పుడున్నవి మూడు 500 వాట్ల టైటానియం హీటర్లు. మూడూ ఫిల్టరు తొట్టెలోనే ఉంటాయి, చేప ఉన్నచోట ఏదీ ఉండదు. పెద్ద క్యాట్‌ఫిష్ తోకతో ఒక్క విసురు విసిరితే గాజు హీటరు పగులుతుంది. అంతకంటే ఘోరంగా, రెడ్‌టెయిల్ నోట్లో పట్టే ప్రతి వస్తువునూ మింగి చూస్తుంది. టైటానియం గొట్టం పగలదు, కానీ అది లోహం కాబట్టి ఎర్తింగ్ తప్పనిసరి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) తప్పనిసరి. ఈ రెండూ లేకుండా దయచేసి తొట్టెలో చెయ్యి పెట్టకండి.

హీటర్లను నడిపేది ఎస్‌టీసీ-1000 రకం డిజిటల్ కంట్రోలర్. వేడికి ఒక రిలే (తనంతట తానే కరెంటును కలిపి, తెంచే స్విచ్చు), చల్లదనానికి ఇంకొక రిలే ఉంటాయి. 26 పెట్టి, తేడాను 0.5గా ఉంచితే, నీళ్ళు 25.5కి దిగగానే హీటర్లు వెలిగి 26 దగ్గర ఆగుతాయి. దీని సెన్సరు ఒక డిగ్రీ వరకు అటూ ఇటూ చూపవచ్చని తయారీ వివరాల్లోనే ఉంది, నాది 0.7 ఎక్కువ చూపింది. ఒక గ్లాసులో చితక్కొట్టిన ఐసు నిండా వేసి, కొంచెం నీళ్ళు పోసి, సెన్సరును కలుపుతూ ఐదు నిమిషాలుంచితే సున్నా చూపాలి. ఎంత తేడా వస్తే అంత నాలుగో సెట్టింగులో సరిచేయవచ్చు. ఈ పని చేయకుండా "నా ట్యాంకు 26లో ఉంది" అనుకోవడం ఊహే. మూడు హీటర్లు కలిసి తీసుకునేది ఆరున్నర ఆంపియర్లే, రిలే పది వరకు మోస్తుంది. అయినా మధ్యలో ఒక కాంటాక్టర్ (ఎక్కువ కరెంటును మోసే పెద్ద స్విచ్చు) పెట్టించాను. హీటర్ల సొంత థర్మోస్టాట్లను 28 దగ్గర ఉంచాను, అది రెండో కాపలా. సెన్సరును మాత్రం పెద్ద తొట్టెలో అడుగుకు దగ్గరగా కట్టాను. నీళ్ళ మట్టం తగ్గి సెన్సరు గాల్లోకి తేలితే అది గది చలిని చూసి హీటర్లను ఆపకుండా నడిపిస్తుంది కాబట్టి ఈ జాగ్రత్త తీసుకున్నాను.

24 డిగ్రీల చలికాలం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే కరెంటు బిల్లు చూసి చాలామంది అటే మొగ్గుతారు. జనవరిలో గది సగటున 20 దగ్గర ఉన్నప్పుడు 26 నిలపడానికి నెలకు సుమారు 280 యూనిట్లు కాలాయి, 24కి సుమారు 190 సరిపోయాయి. తొట్టె గోడలకు, మూతకు థర్మోకోల్ అతికించిన తర్వాతి లెక్క ఇది. ఆదా ఉన్న మాట నిజమే. కానీ ఆ మూడు నెలలూ చేప ఒకే మూల పడి ఉండేది. వారానికి రెండుసార్లు ఎప్పటిలాగే తిలాపియా ముక్కలు వేస్తే, మూడో రోజున సగం అరగని ముక్కను కక్కేసింది. చల్లటి నీళ్ళలో పెట్టాల్సింది తక్కువ తిండి అన్న సంగతి నేను పట్టించుకోలేదు. అంతలో ఒక ఉదయం మేడమీది ట్యాంకు నుంచి 800 లీటర్లు నేరుగా పట్టించాను. ఆ నీళ్ళు 17 డిగ్రీలున్నాయి. తొట్టె ఒక్క గంటలో 22 చిల్లరకు దిగింది. వారం తిరగకుండా రెక్కల మీద రవ్వంత తెల్ల మచ్చలు, ఇక్ వ్యాధి. క్యాట్‌ఫిష్‌కు పొలుసులు లేవు కాబట్టి మందుల తాకిడి దానికి ఎక్కువ. అందుకే మందు జోలికి పోకుండా నాలుగు రోజుల్లో నెమ్మదిగా 30కి పెంచి, గాలి రెట్టింపు చేసి, తిండి బాగా తగ్గించి, పది రోజులుంచాను. మచ్చలు పోయాయి. 30 డిగ్రీలకు నా దగ్గర మిగిలిన ఉపయోగం ఇదొక్కటే, అదీ రోజులు లెక్కపెట్టుకుని వాడే చికిత్సగా.

అప్పటినుంచి మేడమీది ట్యాంకు నీళ్ళను నేరుగా వాడను. మే నెల మధ్యాహ్నం అందులో 39 డిగ్రీలు చూశాను. మా బోరు నీళ్ళు మాత్రం ఏ నెలలో కొలిచినా 27కి దగ్గరగానే ఉంటాయి. వాటిని 500 లీటర్ల డ్రమ్ములో పట్టి, ఒక రాత్రి గాలి కొట్టించి, వారానికి రెండు విడతలుగా మారుస్తున్నాను. డిగ్రీ స్థిరంగా ఉండటానికి హీటర్లకంటే ఈ డ్రమ్మే ఎక్కువ సాయపడిందని నా అనుభవం.

నీళ్ళు ఎక్కువ ఉండటం వల్ల కలిగే మేలు కరెంటు పోయినప్పుడు తెలుస్తుంది. 3,200 లీటర్లను ఒక డిగ్రీ పెంచడానికి 3.7 యూనిట్లు కావాలి, అంటే నా మూడు హీటర్లూ ఆగకుండా రెండున్నర గంటలు నడవాలి. అదే లెక్కన దిగడం కూడా నెమ్మదే, జనవరి రాత్రి ఆరు గంటలు కరెంటు లేకపోయినా అర డిగ్రీకి కొంచెం పైనే పడిపోయింది. అందుకే నా ఇన్వర్టరుకు హీటర్లను కలపలేదు, ఎయిర్ పంపును కలిపాను.

ఎండాకాలానికి మార్చి నుంచి కంట్రోలర్‌ను 27.5కి మారుస్తాను, అప్పుడు 28 రాగానే రెండో రిలే నీళ్ళమీదికి తిప్పిన రెండు ఫ్యాన్లను నడుపుతుంది. మూత స్థానంలో గట్టి వల బిగిస్తాను. ఒక లీటరు నీళ్ళు ఆవిరైతే దాదాపు 580 లీటర్లు ఒక డిగ్రీ చల్లబడతాయి, అంటే నా తొట్టెకు డిగ్రీకి ఐదున్నర లీటర్లు. హైదరాబాదు మే నెల పొడిగాలిలో ఇది చక్కగా పనిచేసింది, ఫ్యాన్లు లేకుండా 32 చేరిన నీళ్ళు వాటితో 29 దగ్గర ఆగాయి. రోజుకు పాతిక లీటర్లదాకా తగ్గిన నీళ్ళను నింపుకోవాలి, అంతే. విజయవాడలో ఇదే ఏర్పాటు చేసుకున్న మా తమ్ముడికి మాత్రం ఒక డిగ్రీకి మించి దిగలేదు, ఉక్కపోతలో నీళ్ళు ఆవిరి కావు. వాడు చివరకు ఆ గదికి ఏసీ పెట్టించాడు.

వాడు పెంచేది పంగాసియస్, మన కోస్తా చెరువుల్లో తిండికోసం పెంచే చేపే, దుకాణాల్లో ఇరిడిసెంట్ షార్క్ పేరుతో అమ్ముతారు. మెకాంగ్ నది చేప కావడంతో దానికి చలి రెడ్‌టెయిల్ కంటే త్వరగా తగులుతుంది. చలికాలంలో 26 తగ్గించవద్దని వాడికి చెప్పాను. అది పైకి వచ్చి గాలి మింగగలదు కాబట్టి పైకి రావడం చూసి ఆక్సిజన్ తగ్గిందో లేదో చెప్పలేం, రెడ్‌టెయిల్ విషయంలో మాత్రం అది నేరుగా ప్రమాద సూచన. టైగర్ షవల్‌నోజ్ అనే ఇంకో క్యాట్‌ఫిష్‌కు 26 సరిపోతుంది, నా తొట్టెలో ఏడాదిపాటు ఒకటి ఉండేది. హిమాలయ నదుల వేగానికి అలవాటుపడిన గూంచ్ అనే క్యాట్‌ఫిష్‌కు మాత్రం ఈ సమీక్షలోని అంకెలేవీ వాడకండి, దానికి ఇంకా చల్లటి, జోరుగా పారే నీళ్ళు కావాలి.

ఏడేళ్ళలో పాడైనవి ఒక గాజు హీటరు, ఒక సెన్సరు తీగ, రెండు ఫ్యాన్లు. అలమరలో రెండో కంట్రోలర్ సిద్ధంగా ఉంది, ప్రతి నవంబరు మొదటి ఆదివారం రెండింటి సెన్సర్లనూ ఐసు గ్లాసులో పెట్టి చూస్తాను. పోయిన నవంబరులో పాతది 0.2 చూపింది, సరిచేసి మళ్ళీ తొట్టె అడుగున కట్టాను.